చక్కెర జబ్బు చరిత్రలో కుక్క



రాత్రిపూట ఇంటి ముందు కుక్క ఏడిస్తే కీడు అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఏడ్చిన కుక్కను ఎవరో ఒకరు లేచి, కర్రో రాయో విసిరి తరిమేస్తారు. మళ్లీ వచ్చి పడుకుంటారు. ఆ కుక్క ఎందుకు ఏడ్చిందో, లోపల పడుకున్న వారిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అని చూసేవారు తక్కువ. ఈ రోజు మనం చెప్పుకోబోయేది ఆ కుక్క సంగతే. ఇన్సులిన్ వేసుకునే మనిషికి నిద్రలో రక్తంలోని చక్కెర పడిపోతే, ఇంటి కుక్క దాన్ని కనిపెట్టి లేపగలదా? అలా లేపమని దానికి నేర్పవచ్చా? నేర్పితే ఎంతవరకు నమ్మవచ్చు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెతకాలంటే ముందు కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

కుక్క మేలును మరచిపోకూడదని రాళ్ల మీద చెక్కించిన నేల మనది. కృష్ణగిరి జిల్లాలో పొలాల గట్ల మీద, చెరువు కట్టల పక్కన వీరగల్లులు చాలా ఉన్నాయి. తమిళంలో వీటినే నడుకల్ అంటారు. మన ఊత్తంగరై దాటి చెంగం వైపు వెళితే, తిరువణ్ణామలై జిల్లాలో ఎడుత్తనూరు అనే ఊరుంది. అక్కడ దొరికిన ఒక వీరగల్లు పల్లవరాజు మహేంద్రవర్మ కాలం నాటిది, అంటే 7వ శతాబ్దిది. పశువుల కోసం జరిగిన పోరులో కరుందేవకత్తి అనే వీరుడు చనిపోయాడు. అతని కుక్క పేరు కోవివన్. అది ఇద్దరు దొంగలను కరిచి, యజమాని పక్కనే నిలబడిందని ఆ రాతి మీద రాశారు. వీరుడి బొమ్మతో పాటు కుక్క బొమ్మనూ చెక్కారు.

ఇటు కర్ణాటక వైపు చూస్తే మండ్య జిల్లా ఆతకూరు శాసనం ఉంది. అది క్రీ.శ. 949-50 నాటిది. గంగరాజు బూతుగుడి కొలువులోని మణలేర అనే వీరుడు, వరం కోరుకోమంటే కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో పోరాడింది. రెండూ చనిపోయాయి. కుక్క జ్ఞాపకంగా గుడి ముందు రాయి నిలిపి, దాని పూజకు భూమి కూడా ఇచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. హోసూరు నుంచి గంటా రెండు గంటల ప్రయాణం. పిల్లలను తీసుకువెళ్లి చూపించదగినది.

ఆ కాలంలో కుక్క పని దొంగను పట్టడం, మృగాన్ని ఎదిరించడం. శత్రువు బయటి నుంచి వచ్చేవాడు. ఇక మనం చెప్పుకుంటున్న జబ్బులో శత్రువు ఒంటి లోపల ఉంటాడు. ఇక్కడ కూడా కుక్కకు పాత్ర ఎలా వచ్చిందో చూద్దాం.

మన ఆయుర్వేద గ్రంథాలు మధుమేహాన్ని ఏనాడో వర్ణించాయి. రోగి మూత్రానికి చీమలు చేరుతాయని గుర్తించాయి. ఈ జబ్బులో పుట్టుకతో వచ్చేది ఒకటి, తిండి నడవడికల వల్ల వచ్చేది ఒకటి అని సుశ్రుతుడు విడదీసి చెప్పాడు. అంటే మనిషి కంటికి కనిపించని తీపిని మొదట చీమ చెప్పింది. మనిషి ఆ చీమను గమనించాడు. వైద్యం అక్కడి నుంచి మొదలైంది. అయితే జబ్బును గుర్తుపట్టడం వేరు, కుదర్చడం వేరు. చిన్నపిల్లలకు ఈ జబ్బు వస్తే కొద్ది నెలల్లోనో, ఒకటి రెండు ఏళ్లలోనో చనిపోయేవారు.

1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఆస్కార్ మింకోవ్‌స్కీ, యోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు క్లోమగ్రంథిని తీసేశారు. జీర్ణక్రియలో ఆ గ్రంథి పని ఏమిటో తెలుసుకోవాలని వారి ఉద్దేశం. ఆ తరువాత ఆ కుక్క మాటిమాటికీ మూత్రం పోయసాగింది. మింకోవ్‌స్కీ ఆ మూత్రాన్ని పరీక్షించి చూస్తే చక్కెర ఉంది. మధుమేహానికీ క్లోమానికీ ఉన్న సంబంధం ఆ విధంగా బయటపడింది.

ఆ గ్రంథిలోని మందును బయటికి తీయడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. 1921 వేసవిలో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. జె.జె.ఆర్. మాక్లియాడ్ వారికి ప్రయోగశాల ఇచ్చి దారి చూపించాడు. క్లోమం తీసేసిన కుక్కలకు, మరో కుక్క క్లోమం నుంచి తీసిన రసం ఎక్కిస్తే చక్కెర తగ్గింది. మార్జరీ అనే కుక్క ఆ మందుతో సుమారు 70 రోజులు బతికింది. ఎన్నో కుక్కలు ఆ ప్రయోగాల్లో ప్రాణాలు వదిలాయి. 1922 జనవరి 11న లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది సరిగా పనిచేయలేదు. జేమ్స్ కాలిప్ మందును శుద్ధి చేశాక జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఈసారి పిల్లవాడు కోలుకున్నాడు. 1923లో బాంటింగ్‌కూ, మాక్లియాడ్‌కూ నోబెల్ బహుమానం వచ్చింది. ఇన్సులిన్ మీద హక్కులను కనుగొన్నవారు ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.

శ్రోతలారా, ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా వినండి. ఇన్సులిన్ వచ్చిన రోజునే కొత్త ప్రమాదం ఒకటి కూడా వచ్చింది. కాలిప్ తన మందు బలం ఎంతో తెలుసుకోవడానికి కుందేళ్లకు ఎక్కించేవాడు. మోతాదు ఎక్కువైతే కుందేళ్లు వణికి, మూర్ఛపోయేవి. గ్లూకోజు ఇస్తే తేరుకునేవి. రక్తంలో చక్కెర మరీ తగ్గడం ఎంత ప్రమాదమో అప్పుడు స్పష్టమైంది. అంతకు ముందు ఈ జబ్బున్న ఇంట్లో చక్కెర ఎక్కువ కావడం ఒక్కటే భయం. ఆ తరువాత రెండు వైపులా భయమే. తాడు మీద నడిచే దొమ్మరివాడిలా, ఎటు వాలినా కష్టమే.

చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. 54 కంటే తగ్గితే ప్రమాదం. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి వేస్తుంది, మాట తడబడుతుంది. చూసేవారు తాగి ఉన్నాడేమో అనుకుంటారు. ఇంకా తగ్గితే స్పృహ పోతుంది, మూర్ఛ వస్తుంది, ప్రాణమే పోవచ్చు. చాలా ఏళ్లుగా ఇన్సులిన్ వేసుకునేవారిలో కొందరికి ఈ ముందస్తు గుర్తులు కూడా తెలియకుండా పోతాయి. నిద్రలో ఉన్నవారికైతే సరేసరి.

ఇది ఎక్కడో పట్నంలోని పెద్దింటి జబ్బు అనుకోవద్దు. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో అంచనా వేసింది. రక్తపోటుకూ, మధుమేహానికీ మందులు ఇంటి వాకిటికే తెచ్చి ఇచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది. ఎక్కడో తెలుసా? మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. మందు వాకిటికి వచ్చింది సరే. రాత్రి రెండు గంటలకు చక్కెర పడిపోతే పక్కన ఎవరున్నారు? పిల్లలు పనికోసం బెంగళూరులో ఉంటే, ముసలివాళ్లిద్దరే ఉన్న ఇళ్లు మన బాగలూరు, బేరికె, తళి వైపు ఎన్ని లేవు? అందుకే ఈ సంగతి మనకు ముఖ్యం.

ఇక కుక్క ముక్కు సంగతికి వద్దాం. 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు ఇంగ్లండు వైద్యులు ఒక ఉత్తరం రాశారు. ఒక స్త్రీ కాలి మీద ఉన్న పుట్టుమచ్చను ఆమె కుక్క ఎప్పుడూ వాసన చూస్తూ ఉండేది. పరీక్ష చేయిస్తే అది చర్మ క్యాన్సరు అని తేలింది. జబ్బుకు వాసన ఉంటుందనీ, కుక్క దాన్ని పట్టగలదనీ వైద్యులు ఆలోచించడం అప్పటినుంచి పెరిగింది. 1992లో మధుమేహ రోగులనూ వారి పెంపుడు జంతువులనూ గురించి ఒక సర్వే వచ్చింది. చక్కెర తగ్గినప్పుడు మూడో వంతుకు పైగా కుక్కలు తీరు మార్చుకుంటున్నాయని ఆ ఇళ్లవారు చెప్పారు.

2000 సంవత్సరంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ మూడు కుక్కల కథ అచ్చువేసింది. వాటి పేర్లు క్యాండీ, సూసీ, నాట్. చక్కెర తగ్గితే క్యాండీ గదిలోంచి పరుగెత్తి కుర్చీ కింద దూరేది. యజమానురాలు ఏదైనా తిన్నాకే బయటికి వచ్చేది. సూసీ నిద్రలో ఉన్న యజమానురాలిని ముక్కుతో పొడిచి లేపేది. నాట్ అటూ ఇటూ తిరిగి, ఆమె ఒడిలో తల పెట్టేది. ఈ మూడింటికీ ఎవరూ ఏమీ నేర్పలేదు. క్యాండీ, సూసీ రెండూ జాతి కుక్కలు కూడా కావు, మన వీధి కుక్కల్లాంటి కలగలుపు జాతివే. 2008లో వచ్చిన మరో సర్వేలో 212 మంది యజమానులను అడిగితే, నూటికి 65 మంది తమ కుక్క కనీసం ఒకసారైనా గుర్తుపట్టిందని అన్నారు.

తనంతట తాను చేసేదాన్ని నేర్పి చేయించలేమా అని కొందరు ఆలోచించారు. అమెరికాలో మార్క్ రూఫెనాక్ట్ అనే ఆయన అంధులకు దారి చూపే కుక్కపిల్లలను పెంచేవారు. ఆయనకూ మధుమేహం ఉంది. ఒక రాత్రి చక్కెర పడిపోయినప్పుడు ఆయన పెంచుతున్న కుక్కపిల్ల ఆయనను లేపింది. ఆ అనుభవంతో 2004లో కాలిఫోర్నియాలో ఇలాంటి కుక్కలకు శిక్షణ ఇచ్చే సంస్థ పెట్టారు. ఇంగ్లండులో 2008లో క్లేర్ గెస్ట్, జాన్ చర్చ్ మరో సంస్థను స్థాపించారు.

కుక్క పసిగట్టే ఆ వాసన ఏమిటి? 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఎనిమిది మంది స్త్రీలకు వైద్యుల సమక్షంలో నెమ్మదిగా చక్కెర తగ్గించి, వారి ఊపిరిని పరీక్షించారు. ఐసోప్రీన్ అనే పదార్థం కొందరిలో దాదాపు రెట్టింపు అయింది. ఇది అందరి ఊపిరిలోనూ కొద్దిగా ఉండేదే. మన ముక్కుకు తెలియదు. కుక్క పట్టుకునేది ఇదే కావచ్చు, దీనితో పాటు ఇంకా కొన్ని వాసనలు కలిసి కావచ్చు.

సరే, ఇంటి కుక్కకు నేర్పడం ఎలా? పద్ధతి వినడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి.

మొదటిది, వాసన సేకరించడం. మీటరులో చక్కెర 70 కంటే తగ్గినట్టు కనిపిస్తే ముందు రోగికి గ్లూకోజు ఇవ్వాలి. ఆ పని ఒకరు చేస్తుండగా, మరొకరు శుభ్రమైన దూదితో ఆ మనిషి నుదుటి చెమట, మెడ చెమట తుడిచి, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో పెట్టి, తేదీ, మీటరు అంకె రాసి ఫ్రీజరులో ఉంచాలి. దూది కోసం వైద్యాన్ని ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. దూది కోసం కావాలని చక్కెర తగ్గించుకోవడం అసలే కూడదు. అదే మనిషికి చక్కెర మామూలుగా ఉన్నప్పుడు తీసిన దూది కూడా కావాలి. లేకపోతే కుక్క నేర్చుకునేది ఆ మనిషి వాసననే కాని, చక్కెర తగ్గిన వాసనను కాదు.

రెండోది, వాసనకూ తిండికీ ముడి వేయడం. చక్కెర తగ్గినప్పటి దూదిని కుక్క ముక్కు దగ్గర పెట్టి, అది వాసన చూడగానే ఉడికిన గుడ్డు ముక్కో, మాంసం ముక్కో ఇవ్వాలి. పూటకు ఐదు పది నిమిషాలు చాలు. విసుగు పుట్టిస్తే చదువు ఎక్కదు, అది పిల్లలకైనా కుక్కకైనా ఒకటే. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ మాత్రం కుక్కకు పెట్టకూడదు, అవి దానికి విషం.

మూడోది, ఎంచుకోవడం. మూతకు చిల్లులు పెట్టిన ఒకే రకం డబ్బాలు నాలుగు తీసుకోండి. ఒకదానిలో తగ్గినప్పటి దూది, మిగిలినవాటిలో మామూలు దూది, ఉత్తి దూది. సరైన డబ్బా దగ్గర ఆగితేనే బహుమానం. డబ్బాల చోటు ప్రతిసారీ మార్చాలి.

నాలుగోది, సంకేతం. కాలు మీద పంజా వేయడమో, చేతిని ముక్కుతో పొడవడమో, ఒక గుర్తు నేర్పాలి. మొరగడం సంకేతంగా పెట్టుకుంటే మన ఊళ్లలో పనికిరాదు. వాకిట్లో ఎవరు నడిచినా మొరుగుతుంది, ఏది దేనికో తెలియదు.

ఐదోది, అసలు పని. దూదిని రోగి జేబులో దాచి, కుక్క కనిపెట్టి పంజా వేస్తే బహుమానం ఇవ్వాలి. ఆ తరువాత నిజంగా చక్కెర తగ్గిన ప్రతిసారీ కుక్కకు అవకాశం ఇచ్చి, సంకేతం చేస్తే మెచ్చుకోవాలి. పగలు కుదిరాక రాత్రి. దీనికంతా నెలలు పడుతుంది. కొన్ని కుక్కలకు ఎంత నేర్పినా రాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సుమారు 1900 ప్రాంతంలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు, తీసివేతలు చేసి గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పండితుడు దాని గుట్టు విప్పాడు. ప్రశ్న అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన అంకె రాగానే అడిగేవాడి ముఖంలో, మెడలో కలిగే చిన్న కదలికను చూసి అది తట్టడం ఆపేసేది. మోసం లేదు, గుర్రం మనిషిని చదివింది.

కుక్క కూడా అంతే. ఏ డబ్బాలో ఏముందో మీకు తెలిస్తే మీ చూపు అటు పోతుంది, కుక్క మీ చూపును పట్టుకుంటుంది. అందుకే డబ్బాలను ఒకరు అమర్చి బయటికి వెళ్లాలి. ఏది ఏదో తెలియనివారు కుక్కను తీసుకురావాలి. బడిలో పిల్లవాడికి పరీక్ష పెట్టి పక్కనే నిలబడి జవాబు అందిస్తే అది పరీక్ష అవుతుందా?

నిజమైన పరీక్షల్లో శిక్షణ పొందిన కుక్కలు ఎలా నిలిచాయి? 2019లో ఇంగ్లండులో 27 కుక్కల రికార్డులు చూశారు. చక్కెర తగ్గిన సందర్భాల్లో నడిమి స్థాయి కుక్క నూటికి 83 సార్లు చెప్పింది. బాగుంది కదా! కాని 2017లో అమెరికాలో ఎనిమిది కుక్కలను, చర్మం కింద పెట్టే సెన్సరుతో పోల్చి చూశారు. అక్కడ తగ్గిన సందర్భాల్లో నూటికి 36 మాత్రమే కుక్కలు చెప్పాయి. పైగా అవి హెచ్చరించిన వంద సార్లలో నిజంగా చక్కెర తగ్గినవి 12 మాత్రమే. కుక్కకూ కుక్కకూ, ఇంటికీ ఇంటికీ ఇంత తేడా ఉంది. వేల డాలర్లు తీసుకుని సరిగా నేర్పని కుక్కలను అమ్మారంటూ 2018లో వర్జీనియా రాష్ట్రం ఒక కంపెనీ మీద దావా కూడా వేసింది.

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు అని మన సామెత. కుక్క ఒక్కదాన్నే నమ్ముకుని ప్రాణాలను దాని మీద వదిలేయకూడదు. మీటరు మానకూడదు, డాక్టరు చెప్పిన పరీక్షలు మానకూడదు. చక్కెర తగ్గితే మోత మోగించే సెన్సర్లు ఉన్నాయి.  ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి, ఖర్చు మాత్రం ఎక్కువ. కొనగలిగినవారికి అది మొదటి కాపలా, కుక్క రెండో కాపలా. కొనలేనివారు నిద్రపోయే ముందు మీటరుతో చూసుకోవడం, మంచం పక్కన గ్లూకోజు పెట్టుకోవడం మొదటి కాపలా.

మరి కుక్క వల్ల లాభం లేదా? ఉంది. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. కుక్క పంజా వేసిన ప్రతిసారీ టైము, మీటరు అంకె రాయండి. చక్కెర తగ్గినా కుక్క ఊరుకుంటే అదీ రాయండి. రెండు నెలల్లో మీ కుక్క ఎంత నమ్మదగినదో ఆ పుస్తకమే చెబుతుంది.

మనకు జాతి కుక్కే కావాలనేమీ లేదు. 2021 ఫిబ్రవరిలో మన సైన్యం కోవిడ్‌ను వాసనతో పట్టే కుక్కలను ఢిల్లీలో ప్రదర్శించింది. వాటిలో విదేశీ జాతి కుక్కలతో పాటు తమిళనాడు చిప్పిపారై జాతి కూడా ఉంది. ఆ జాతి కుక్క ఒకదాని పేరు మణి. మన ఇళ్లల్లో కుక్కలకు పెట్టుకునే పేరే! కావలసింది మనిషిని అంటిపెట్టుకుని ఉండే గుణం, తిండి మీద ఆశ, భయం లేని స్వభావం. అయితే ఒక మార్పు అవసరం. మన కుక్క వాకిట్లో ఉంటుంది, గొలుసుతో కట్టేసి ఉంటుంది. రోగి ఊపిరి తగిలేంత దగ్గరలో పడుకుంటేనే అది ఏమైనా చెప్పగలదు. అలా లోపలికి రానివ్వాలంటే ఏటేటా రేబీస్ టీకా వేయించాలి, పురుగుల మందు పట్టించాలి, స్నానం చేయించాలి. అది ఇష్టం లేనివారు ఈ ప్రయత్నం చేయనక్కరలేదు.

చివరగా, కుక్క లేపినా, మీటరు చెప్పినా చేయవలసింది ఇది. మనిషికి తెలివి ఉండి మింగగలిగితే మూడు టీ చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించండి. ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఇడ్లీయో, అన్నమో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

తీపిని మొదట చీమ చెప్పింది. కుక్క ప్రాణాలిచ్చి మందు తెచ్చింది. ఆ మందు వల్ల వచ్చే ప్రమాదాన్ని కూడా తానే కనిపెట్టి చెప్పగలనంటోంది. కోవివన్‌కు, కాళికి మన పెద్దలు రాళ్లు నిలిపారు. మనం అంత చేయనక్కరలేదు. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారు ఉండి, రాత్రి కుక్క గొడవ చేస్తే, రాయి తీసే ముందు దీపం వేసి, పడుకున్న మనిషిని ఒకసారి తట్టి చూడండి. మీటరు తీసి ఒక చుక్క రక్తం పరీక్షించండి. కుక్క చెప్పింది తప్పయితే పోయేది రెండు నిమిషాల నిద్ర. నిజమైతే నిలిచేది ఒక ప్రాణం.